దేవమాలి నుంచి కేదార్‌కంఠ దాకా: ఒడిశా సరిహద్దు తెలుగువాళ్ళకు మంచుకొండల మార్గదర్శి

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, కొరాపుట్, జయపురం వైపు పెరిగినవాళ్ళకు కొండ కొత్త కాదు. ఇంటి వెనకే తూర్పు కనుమలు. కొత్తవి రెండే: పల్చటి గాలి, కాలికింద మంచు. మొదటిసారి హిమాలయాలకు బయల్దేరేవాళ్ళు ఎక్కువమంది సామాను మీద ఖర్చు పెట్టి, సెలవుల్లో పొదుపు చేస్తారు. నేను దీన్ని తిరగేయమంటాను. సామాను అద్దెకు తీసుకోండి, రోజులు మాత్రం ఎక్కువ పెట్టుకోండి. కాళ్ళ సాధన ఇక్కడే అయిపోతుంది. ఎత్తుకు ఒళ్ళు అలవాటు పడాలంటే అక్కడ రాత్రులు గడపాల్సిందే, దానికి దగ్గరదారి లేదు.

1. ముందు కొండను తేల్చుకోండి

మొదటి మంచు ప్రయాణానికి నా ఓటు ఉత్తరాఖండ్‌లోని ఉత్తరకాశీ జిల్లా కేదార్‌కంఠకు. ఎత్తు సుమారు 12,500 అడుగులు, అంటే 3,800 మీటర్ల పైచిలుకు. ఒడిశాలోకెల్లా ఎత్తైన దేవమాలి 1,672 మీటర్లు. దానికి రెట్టింపు దాటిందన్నమాట. కింద సాంక్రి ఊరి దాకా బండ్లు వెళ్తాయి, చలికాలంలోనూ దారి నడుస్తుంది, గైడ్లు, అద్దె సామాను అక్కడే దొరుకుతాయి. నడక నాలుగైదు రోజులు.

నెల విషయానికొస్తే, డిసెంబర్ చివరి వారం వద్దు. కొత్త సంవత్సరం జనంతో గుడారాలు కిక్కిరిసిపోతాయి, పైగా మంచు ఉంటుందన్న భరోసా లేదు. జనవరిలో మంచు లోతుగా ఉంటుంది కానీ రాత్రి చలి మన ఒంటికి మరీ ఎక్కువ. ఫిబ్రవరి రెండో సగం నుంచి మార్చి సగం దాకా పగలు కాస్త పొడుగవుతుంది, తెల్లవారుజామున మంచు గట్టిగా ఉండి అడుగు నిలుస్తుంది. తొలిసారికి అదే మంచి అదను.

ఐదారు వేల మీటర్ల శిఖరాలు, తాళ్ళు, నిలువు మంచుగోడలు ఎక్కాలన్న కోరిక ఉంటే ఏ మార్గదర్శీ చాలదు, శిక్షణ కావాలి. 1954లో మొదలైన డార్జిలింగ్ హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్, 1965లో ఏర్పడిన ఉత్తరకాశీ నెహ్రూ ఇన్‌స్టిట్యూట్, మనాలీలోని పర్వతారోహణ సంస్థ బేసిక్ కోర్సులు నడుపుతాయి. దాదాపు నెల రోజుల పని. 2014 మే 25న పదమూడేళ్ళ వయసులో ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ కూడా ముందు భువనగిరి బండ మీద, తర్వాత డార్జిలింగ్‌లో, లద్దాఖ్‌లో సాధన చేసే వెళ్ళింది. నేరుగా పెద్ద కొండకు ఎవరూ పోరు.

2. రక్తపరీక్ష చేయించుకోండి

బీపీ, షుగర్, హిమోగ్లోబిన్ అందరికీ తెలిసినవే. నలభై దాటితే గుండె పరీక్ష కూడా. మన ప్రాంతంవాళ్ళు వీటికి ఇంకో రెండు కలుపుకోవాలి. వేరే ఊళ్ళవాళ్ళు రాసిన జాబితాల్లో ఇవి కనిపించవు.

మొదటిది సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తజబ్బు. కొరాపుట్, రాయగడ, గజపతి జిల్లాల్లోనూ, అవతల ఉత్తరాంధ్ర ఏజెన్సీలోనూ ఇది ఉన్న కుటుంబాలు తక్కువేం కాదు. జబ్బు పూర్తిగా ఉన్నవాళ్ళు ఎత్తుకు వెళ్ళకూడదు. ఆక్సిజన్ తగ్గితే రక్తకణాలు వంకర తిరిగి నాళాల్లో అడ్డుపడతాయి, నొప్పి భరించలేరు, ప్రాణం మీదికి రావచ్చు. జబ్బు లేకుండా, తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి వచ్చిన ఆ జన్యువును మాత్రమే మోస్తున్నవాళ్ళకు ఇంటి దగ్గర ఏమీ తెలియదు, మైదానంలో హాయిగా తిరుగుతారు. అలాంటివాళ్ళలో కొందరికి ఎత్తులో ప్లీహం దెబ్బతిన్న ఉదాహరణలు వైద్యులకు తెలుసు. 2023 జూలైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం కింద ప్రభుత్వ ఆస్పత్రుల్లో పరీక్ష చేస్తున్నారు. ఇంట్లో ఎవరికి ఉన్నా, లేకున్నా, ఒకసారి చేయించుకుని ఫలితాన్ని డాక్టరుకు చూపించి అడగండి.

రెండోది మలేరియా. మన కొండ గ్రామాల్లో దోమ కుట్టాక జ్వరం బయటపడటానికి వారం నుంచి రెండు వారాలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది. అంటే దేవమాలి కింద ఊళ్ళో దోమ కుడితే జ్వరం సాంక్రిలో రావచ్చు. అక్కడి వైద్యుడికి మలేరియా ఆలోచనే తట్టకపోవచ్చు. చలిజ్వరం వస్తే "మాది కొరాపుట్ వైపు, మలేరియా పరీక్ష చేయండి" అని మీరే నోరు తెరిచి చెప్పాలి.

3. పన్నెండు వారాల సాధన

వారానికి నాలుగు రోజులు గంటసేపు వేగంగా నడవండి. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి; ఆ వేగం చాలు. వారంలో ఒకరోజు మెట్లు. బరంపురం వైపువాళ్ళకు తారాతారిణి కొండకు 999 మెట్లున్నాయి, అంతకన్నా మంచి వ్యాయామశాల ఏ పట్నంలోనూ లేదు. భక్తులకు అడ్డం రాకుండా తెల్లవారకముందే ఎక్కేయండి. మిగతా ఊళ్ళవాళ్ళు ఏ నాలుగంతస్తుల మేడనో, ఊరి గుట్టనో పట్టుకోవచ్చు.

ఎక్కడం కన్నా దిగడం సాధన చేయండి. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది, ఆగుతాం, తగ్గిపోతుంది. దిగేటప్పుడు తొడ ముందుభాగం కండరాలు బరువును ఆపుతూ సాగుతాయి. అలవాటు లేనివాళ్ళకు మర్నాడు కుర్చీలోంచి లేవడమే గగనం. కొండల మీద కాలు జారేది కూడా చాలావరకు దిగేటప్పుడే, ఒళ్ళు అలిసి, పని అయిపోయిందన్న ధీమా వచ్చాక. ఒడిశా నుంచి తొలిసారి 2008లో ఎవరెస్ట్ ఎక్కిన కల్పనా దాస్, 2019లో మళ్ళీ శిఖరం చేరి దిగుతున్నప్పుడే కన్నుమూశారు.

4. ఇంటి కొండల మీద రిహార్సల్

ఆరో వారం నుంచి వారాంతాలు దేవమాలికి కేటాయించండి. విజయనగరం నుంచి సాలూరు మీదుగా వచ్చే 26వ నంబరు జాతీయ రహదారి మీద పొట్టంగి, సిమిలిగుడ దాటుతుంటే కనబడే పచ్చిక కొండలే ఇవి. శిఖరం దగ్గరి దాకా ఇప్పుడు రోడ్డుంది, బైకుల మీద వెళ్ళి ఫొటోలు దిగి వచ్చేవాళ్ళే ఎక్కువ. మీరు బండి కింద ఊళ్ళో ఆపి, ఊరివాళ్ళను అడిగి కాలిబాట పట్టండి. డిసెంబర్, జనవరి రాత్రుల్లో ఈ వైపు ఉష్ణోగ్రత పది డిగ్రీల కిందికి దిగుతుంది, గాలి విసురు వేరే. స్లీపింగ్ బ్యాగ్‌లో పడుకోవడం, చీకట్లో బూట్లు కట్టుకోవడం, వణుకుతూ స్టవ్ వెలిగించడం ఇక్కడే నేర్చుకోవచ్చు.

బరువుకు రాళ్ళు వద్దు, నీళ్ళసీసాలు మోయండి. లీటరు అంటే కిలో, లెక్క సులువు. మొదటి రెండు మూడు సార్లు ఎనిమిది లీటర్లతో ఎక్కి, పైన నీళ్ళు పారబోసి ఖాళీగా దిగండి, మోకాళ్ళు బతుకుతాయి. తర్వాత ఆ బరువుతోనే దిగడం మొదలుపెట్టండి. ఎనిమిది నుంచి పది కిలోలతో ఆరు గంటలు ఎక్కి దిగి, మర్నాడు మళ్ళీ నడవగలిగితే మీ కాళ్ళు కేదార్‌కంఠకు సిద్ధం.

పర్లాకిమిడివాళ్ళకు మహేంద్రగిరి ఉంది, 1,501 మీటర్లు. కుంతి, ధర్మరాజు, భీముడి పేర్లతో పాత గుళ్ళున్న కొండ. ఇటు గజపతి జిల్లా వైపు నుంచి బండి దారి, అటు శ్రీకాకుళం జిల్లా మందస వైపు నుంచి కాలిబాట. శివరాత్రికి మాత్రం సాధన పెట్టుకోకండి, ఆ రోజు కొండంతా జనమే. ఇది ఇప్పుడు ఒడిశా ప్రభుత్వం ప్రకటించిన జీవవైవిధ్య వారసత్వ స్థలం. రాత్రి ఉండాలంటే అటవీశాఖవాళ్ళను ముందే అడగండి. మందస, ఉద్దానం వైపు జీడితోటల్లో ఎలుగుబంట్ల బెడద నిజమైనది. చీకటితో బయల్దేరడం, పొద్దుగుంకాక దిగడం ఆ వైపు చేయకండి. పగలు కూడా గుంపుగా, మాట్లాడుకుంటూ నడవండి. ఏనుగుల మంద తిరుగుతోందేమో ఊళ్ళో కనుక్కోండి.

ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం మబ్బు కమ్మితే దేవమాలి పచ్చిక మీద నిలబడకూడదు. చెట్టూ చేమా లేని ఆ బోడి నెత్తిన ఎత్తైన వస్తువు మీరే. మొదటి ఉరుము వినగానే దిగిపోండి. పిడుగులకు ఒడిశాలో ఏటా ఎందరు పోతున్నారో వార్తలు చూసేవాళ్ళకు చెప్పక్కర్లేదు.

ఇంకో మాట. దారిలో తగిలే పరజ, కోంద్, సవర ఊళ్ళు మన విహారానికి కట్టిన బొమ్మరిళ్ళు కావు. నీళ్ళు అడిగితే ఇస్తారు, ఫొటో తీయాలంటే ముందు అడగండి. సంచిలోకి ఎక్కించుకున్న ప్రతి ప్లాస్టిక్ కాగితం అదే సంచిలో ఇంటికి రావాలి.

5. సామాను: ఏది కొనాలి, ఏది అద్దెకు

కొనాల్సిన వాటిలో మొదటిది బూట్లు. అద్దె బూట్లు వేరొకరి పాదానికి వంగి ఉంటాయి. చీలమండ కప్పేవి, నీళ్ళు లోపలికి పోనివి తీసుకోండి. కొనేటప్పుడు సాయంత్రం వెళ్ళండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. మందపాటి ఉన్ని సాక్సు వెంట తీసుకెళ్ళి, అది వేసుకునే చూడండి. తాళ్ళు విప్పి పాదాన్ని ముందుకు జరిపితే మడమ వెనక ఒక వేలు దూరాలి. తాళ్ళు బిగించాక దుకాణంలో ఏదైనా వాలుబల్ల ఉంటే దిగి చూడండి. బొటనవేలు ముందుకు తగిలితే ఆ జత వద్దు, దిగుడులో గోరు నల్లబడి ఊడిపోతుంది. కొన్నాక కనీసం ఆరు వారాలు తొడిగి తిరగండి. ఎక్కడానికి చీలమండ దగ్గర కాస్త వదులుగా, దిగడానికి గట్టిగా కట్టుకోవడం అలవాటు చేసుకోండి.

బట్టల్లో ఒకే సూత్రం: నూలు వద్దు. మన ఉక్కపోతకు నూలు దేవుడిచ్చిన వరం, అక్కడ అదే శత్రువు. చెమటకు తడిసిందంటే ఆరదు, ఒంటి వేడిని లాగేస్తుంది. బనియన్, జీన్స్ ఇంట్లో వదిలేయండి. ఒంటికి అంటి పాలిస్టర్ లేదా ఉన్ని థర్మల్, దాని మీద ఫ్లీస్ (స్వెట్టరు లాంటి మెత్తటి, వెచ్చటి పొర), ఆగినప్పుడు వేసుకోవడానికి పక్షి ఈకలు కూరిన డౌన్ జాకెట్, అన్నిటి పైన గాలీ వానా ఆపే జాకెట్. నడిచేటప్పుడు మొదటి రెండే చాలు. చలిగా ఉందని అన్నీ వేసుకుని నడిస్తే చెమట పట్టి, ఆగిన ఐదు నిమిషాలకే వణుకు మొదలవుతుంది. బయల్దేరేటప్పుడు కొంచెం చలి అనిపించాలి, అదే సరైన లెక్క. అమ్మ పెట్టే మంకీ క్యాప్‌ని చిన్నచూపు చూడకండి, గుడారంలో దాన్ని మించింది లేదు.

చేతికి రెండు పొరలు: లోపల పల్చటి గ్లౌజులు, పైన మంచు దూరనివి. లోపలివి రెండు జతలు ఉండాలి. బూటు తాడు కట్టడానికో, ఫోన్ తీయడానికో పైజత విప్పుతారు, దాన్ని మంచులో పెడతారు, గాలికి ఎగిరిపోతుంది. కాబట్టి పైజతకు తాడు కట్టి మణికట్టుకు తగిలించుకోండి. విప్పినప్పుడు నేల మీద పెట్టకుండా జాకెట్ లోపల దోపుకోండి.

నల్లకళ్ళద్దాలు యూవీ 400 (అతినీలలోహిత కిరణాలను ఆపేవి) అని ఉన్నవే, పక్కల నుంచి కూడా వెలుగు దూరనివి. మంచు మీద ఎండ తిరిగి కొడుతుంది. అద్దాలు లేకుండా ఒక్క పూట నడిస్తే రాత్రికి కళ్ళలో ఇసుక పోసినట్టు మంట. హెడ్‌ల్యాంప్, విడి బ్యాటరీలు, రెండు నీళ్ళసీసాలు, నడక కర్రలు మర్చిపోవద్దు.

స్లీపింగ్ బ్యాగ్, గెయిటర్లు (బూట్లలోకి మంచు దూరకుండా కాలికి కట్టుకునే తొడుగులు), మైక్రోస్పైక్‌లు, డౌన్ జాకెట్ డెహ్రాడూన్‌లోనో సాంక్రిలోనో అద్దెకు తీసుకోవచ్చు. తీసుకునే ముందు జిప్ మూడుసార్లు పైకీ కిందికీ లాగి చూడండి. మైక్రోస్పైక్ రబ్బరు చీలి ఉందేమో వేలితో సాగదీసి చూడండి, మీ బూటుకే తొడిగి నాలుగడుగులు వేయండి. మైక్రోస్పైక్ అంటే రబ్బరు పట్టీకి గొలుసూ చిన్న మేకులూ. కేదార్‌కంఠ లాంటి నడకదారికి అవి సరిపోతాయి. క్రాంపాన్లు పొడవైన ఇనుప కోరలు, వాటికి అడుగు గట్టిగా ఉన్న బూటు కావాలి. మెత్తటి బూటుకు తొడిగితే ఊడిపోతాయి. ఐస్ యాక్స్ (మంచు గొడ్డలి) వాడకం కూడా అంతే. జారుతున్నప్పుడు దాన్ని మంచులో గుచ్చి ఆగడం శిక్షకుడి దగ్గర, వాలు మీద పదేపదే చేస్తేనే వస్తుంది. రాకపోతే సంచికి వేలాడే అలంకారం, కిందపడితే మీకే గుచ్చుకునే ఆయుధం.

తిండికి చోడిపిండి (రాగిపిండి), వేయించిన అటుకులు, బెల్లం కలిపిన వేరుశెనగ ఉండలు పట్టుకెళ్ళండి. ఎత్తులో ఆకలి చస్తుంది. తెలిసిన రుచి అయితే నాలుగు ముద్దలైనా దిగుతాయి. వేడి చోడంబలిలో ఉప్పు వేసి తాగితే నీళ్ళూ ఉప్పూ రెండూ అందుతాయి. ఉండలు గట్టిగా చుట్టొద్దు, చలికి బిగిసి పళ్ళు కదులుతాయి.

6. ప్రయాణం

రాయగడ మీదుగా సమతా ఎక్స్‌ప్రెస్ ఢిల్లీ నిజాముద్దీన్ వెళ్తుంది. రోజూ ఉండదు, వారాలు చూసుకుని బుక్ చేయండి. బరంపురం వైపువాళ్ళు ఖుర్దారోడ్‌లో కళింగ ఉత్కళ్ ఎక్కితే నేరుగా హరిద్వార్. అక్కడి నుంచి డెహ్రాడూన్, మర్నాడు పొద్దున్నే సాంక్రికి బండి. దాదాపు 200 కిలోమీటర్లు, కొండదారి కాబట్టి పగలంతా పడుతుంది. సాంక్రి సుమారు 1,950 మీటర్లు. రైలు బడలికతో దిగి మర్నాడే నడక మొదలుపెట్టకండి. సాంక్రిలో ఒక రోజు అదనంగా ఉండండి. వెనక్కి వచ్చే రైలుకు ముందు ఇంకో ఖాళీ రోజు ఉంచండి. మంచు కురిసి దారి మూసుకుంటే ఆ రోజే అక్కరకొస్తుంది, రైలు పోతుందన్న తొందరలో తప్పు నిర్ణయాలు తీసుకోకుండా కాపాడుతుంది.

7. ఎత్తు చేసే పని

సముద్రమట్టంతో పోలిస్తే 3,800 మీటర్ల దగ్గర గాలి ఒత్తిడి మూడింట రెండు వంతులకన్నా కొంచెం తక్కువ. ఊపిరికి అందే ఆక్సిజన్ కూడా అదే లెక్కన తగ్గుతుంది. కొరాపుట్ పట్నం సుమారు 870 మీటర్ల ఎత్తున ఉన్నా ఈ లెక్కలో అది పెద్ద ఉపకారమేమీ చేయదు.

తలనొప్పి, వాంతి వచ్చేలా ఉండటం, ఆకలి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం మొదటి గుర్తులు. ఇవి కనిపిస్తే ఇంకా పైకి వెళ్ళి పడుకోకూడదు. తగ్గకపోతే దిగాలి. 3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదన్నది వైద్యులు చెప్పే లెక్క. కేదార్‌కంఠలో మామూలుగా రెండో గుడారం 3,400 మీటర్ల దగ్గర వేస్తారు. మొదటిది 2,700 చుట్టూ. సాంక్రిలో ఒక రోజు ఎక్కువ ఉండమన్నది ఇందుకే.

కూర్చున్నా ఆయాసం, ఆగని దగ్గు, పెదాలు నీలబడటం అంటే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతోంది. తడబడే నడక, అర్థంలేని మాట అంటే మెదడు వాస్తోంది. అనుమానం వస్తే ఒక కాలి మడమను రెండో కాలి వేళ్ళకు ఆనిస్తూ గీత మీద నడిచినట్టు పదడుగులు వేయమనండి. తూలితే అర్ధరాత్రి అయినా తోడు ఇచ్చి దింపాలి, తెల్లవారనీ అనుకోకూడదు. అసిటజొలమైడ్ మాత్ర నివారణకు వాడతారు కానీ సల్ఫా మందులు పడనివాళ్ళకు జాగ్రత్త అవసరం. డాక్టరును అడిగి, ఇంటి దగ్గరే ఒకసారి వేసుకుని చూశాకే పట్టుకెళ్ళండి. మందు మింగి వేగంగా ఎక్కేయొచ్చన్న లెక్క మాత్రం పనిచేయదు. మద్యం, నిద్రమాత్రలు పైన ముట్టకండి.

8. మంచు మీద అడుగు

శిఖరం రోజు తెల్లవారుజామున మూడింటికే లేపుతారు. రాత్రి గడ్డకట్టిన మంచు గట్టిగా ఉంటుంది, ఎండెక్కితే మెత్తబడి మోకాలి దాకా దిగిపోతారు. ముందువాడి అడుగులోనే అడుగేయండి. ఎక్కేటప్పుడు బూటు ముందుభాగాన్ని మంచులోకి తన్ని మెట్టు చేసుకోవాలి. దిగేటప్పుడు మడమతో, మోకాలు కొంచెం వంచి, ముక్కుసూటిగా కిందికి చూస్తూ. భయంతో వెనక్కి వాలితే జారేది ఖాయం.

నీళ్ళసీసాను తలకిందులుగా పెట్టుకోండి. గడ్డకట్టడం పైనుంచి మొదలవుతుంది, మూత దగ్గర నీరు మిగులుతుంది. ఫోన్, బ్యాటరీలు, తడి సాక్సులు రాత్రి స్లీపింగ్ బ్యాగ్‌లో మీతోనే పడుకోవాలి.

వేళ్ళు మొద్దుబారి తెల్లబడితే రుద్దకండి, మంచు రాయకండి, నిప్పు దగ్గర పెట్టకండి. చంకలో పెట్టుకుని వెచ్చబరచండి. మాట ముద్దగా రావడం, గుండీ పెట్టుకోలేకపోవడం, ఉన్నట్టుండి వణుకు ఆగిపోవడం ఒళ్ళు చల్లబడిపోతున్న గుర్తులు. తడిబట్టలు మార్చి, గాలి తగలని చోట స్లీపింగ్ బ్యాగ్‌లో దూర్చాలి.

కొత్త మంచు బాగా పడితే ఒకటి రెండు రోజులు నిటారు వాలుల జోలికి పోకూడదు. మంచుచరియలు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలుల్లోనే జారతాయి. 2022 అక్టోబర్ 4న ద్రౌపది కా డాండా-2 శిఖరం మీద మంచుచరియల్లో చిక్కినవాళ్ళు శిక్షణలో ఉన్న పర్వతారోహకులే. 2024 జూన్‌లో ఇదే ఉత్తరకాశీ జిల్లా సహస్రతాల్ దారిలో మంచుతుఫానుకు చిక్కి, నడకకు వెళ్ళిన తొమ్మిదిమంది కర్ణాటకవాళ్ళు చనిపోయారు. అది ఎండాకాలమని గుర్తుంచుకోండి.

కాబట్టి రాత్రి గుడారంలోనే వెనుతిరిగే గంట మాట్లాడుకోండి. పదింటికి శిఖరం చేరకపోతే ఎక్కడున్నా దిగడమే అని గైడుతో, తోటివాళ్ళతో ముందే ఒప్పందం. పైన నిలబడి బేరమాడితే "ఇంకొంచెమే కదన్నా" అనేవాడు ఎప్పుడూ ఒకడుంటాడు. గైడు వద్దంటే వద్దు. ఇచ్చిన డబ్బు గురించి అతనితో వాదించకండి, ఆ కొండ మీద వాతావరణం చదివేది అతనే.

9. వచ్చాక

మన వైపు తేమకు తడి సామాను రెండు రోజుల్లో బూజు పడుతుంది. బూట్ల లోపలి అట్ట తీసి, కాగితాలు కుక్కి నీడలో ఆరబెట్టండి, ఎండలో పెడితే జిగురు ఊడుతుంది. డౌన్ జాకెట్ సొంతదైతే సంచిలో కుక్కి అటక మీద పడేయకుండా హ్యాంగరుకు వేలాడదీయండి. మోకాళ్ళకు ఓ వారం విరామం ఇచ్చి మళ్ళీ మెట్లెక్కండి. మూడు వారాల లోపు జ్వరం వస్తే, ఎక్కడెక్కడ తిరిగారో వరసగా డాక్టరుకు చెప్పి మలేరియా పరీక్ష చేయించుకోండి.